బయోస్ పాస్‌వర్డ్ మరిచిపోయారా? జంపర్ పీకే ముందు ఇవి చూసుకోండి

ఆఫీసుల నుంచి దిగిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ, లెనోవో థింక్‌సెంటర్ డెస్క్‌టాప్‌లను విశాఖ ద్వారకానగర్‌లో కొన్నా, గాజువాకలో కొన్నా, ఆన్ చేయగానే పాస్‌వర్డ్ అడిగే సీపీయూ ఒక్కోసారి తగులుతుంది. విండోస్ కంటే ముందు నడిచే బయోస్ అనే ప్రోగ్రాము పెట్టే తాళం అది. ఆ పాస్‌వర్డ్‌ను తుడిచెయ్యడం ఐదు నిమిషాల పని. తర్వాత విండోస్ లేవకపోవడం, డేటాకు తాళం పడటం, మదర్‌బోర్డు కాలడం, అసలు నష్టాలు ఇవే.

ముందు ఏ తాళమో తేల్చుకోండి. విండోస్ గుర్తు రాకముందే పాస్‌వర్డ్ అడిగితే అది స్టార్టప్ పాస్‌వర్డ్. విండోస్ మామూలుగా తెరుచుకుంటూ, ఎఫ్2 గానీ ఎఫ్10 గానీ నొక్కినప్పుడే అడిగితే సెటప్ పాస్‌వర్డ్. ఈ రెండింటికీ చాలా మోడళ్లలో జంపర్, అంటే బోర్డు మీది రెండు పిన్నులను కలిపే చిన్న మూత, పనిచేస్తుంది. తెర మీద హార్డ్ డిస్క్ పాస్‌వర్డ్ అని కనిపిస్తే ఆగిపోండి. ఆ తాళం డిస్క్‌లోనే ఉంటుంది కాబట్టి బోర్డు మీద ఏం చేసినా పోదు.

అమ్మినవాళ్లకు ఫోన్ చేసి అడగడం అన్నిటికంటే చవకైన మార్గం. బిల్లు దగ్గర ఉంచుకోండి. బిల్లూ లేక, పాస్‌వర్డూ చెప్పలేకపోతే అది దొంగ సరుకేమో అనుమానించి వెనక్కి ఇచ్చేయడమే మేలు. ఇంటర్నెట్‌లో దొరికే ‘అన్‌లాక్’ ప్రోగ్రాములకు మాత్రం డబ్బు కట్టొద్దు. వాటితో వైరస్ కూడా రావచ్చు.

డిస్క్‌లో పనికొచ్చే ఫైళ్లుంటే ముందే బయటికి తీయాలి. విండోస్ తెరుచుకుంటుంటే ఫైళ్లు కాపీ చేసుకుని, డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం, బిట్‌లాకర్, ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్‌ను సస్పెండ్‌లో పెట్టండి. బయోస్ సెట్టింగులు మారితే అది ఆ కీ అడగొచ్చు. కీ లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. విండోస్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ (విండోస్‌ను లేపే పద్ధతి) కొత్తదైన యూఈఎఫ్ఐనా, పాతదైన లెగసీనా అన్నది కూడా రాసిపెట్టుకోండి. స్టార్టప్‌లోనే ఆగిపోతుంటే డిస్క్‌ను సీపీయూ నుంచి ఊడదీసి, సాటా-యూఎస్‌బీ కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కి తగిలించి కాపీ చేసుకోవచ్చు.

ఇక కరెంటు. స్విచ్ ఆపితే సరిపోదు. ప్లగ్ గుచ్చి ఉండి, స్విచ్ వేసి ఉన్నంతసేపూ సీపీయూ ఆగిపోయి కనిపించినా బోర్డుకు 5 వోల్టులు అందుతూనే ఉంటాయి. ప్లగ్ పీకి, పవర్ బటన్ 15 సెకన్లు నొక్కిపట్టి, బోర్డు మీద లైటు ఏదైనా ఉంటే అది ఆరాకే చెయ్యి పెట్టండి. సీపీయూకి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుంది. మన ఊరి ఉక్కలో స్టాటిక్ (ఒంట్లో చేరి చిప్‌లకు తగిలే చార్జి) భయం తక్కువే గానీ ఏసీ గదిలో ఉంటుంది, క్యాబినెట్ ఇనుమును ఓసారి ముట్టుకుని పని మొదలుపెట్టండి. ఇక్కడ ఎక్కువ భయపడాల్సింది చెమట చుక్కకు. ఫ్యాన్ కింద కూర్చోండి.

బోర్డు మీది నాణెం లాంటి సెల్ పీకితే పాస్‌వర్డ్ పోతుందన్నది పాత బోర్డుల నాటి మాట. ఆఫీసు మోడళ్లలో చాలావాటికి పాస్‌వర్డ్ వేరే చిప్‌లో ఉంటుంది, సెల్ రోజంతా తీసిపెట్టినా చెరగదు. జంపరే దారి. అయితే ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. డెల్ ఆప్టిప్లెక్స్ మోడళ్లలో పీఎస్‌డబ్ల్యూడీ అని రాసి ఉన్న రెండు పిన్నుల మీది జంపర్ తీసి, సీపీయూ ఆన్ చేసి, పాస్‌వర్డ్ అడగకపోతే ఆపి, ప్లగ్ పీకి, జంపర్ మళ్లీ పెట్టాలి. పాత హెచ్‌పీల్లో ఇదే పని ఈ49 అని రాసి ఉన్న జంపర్‌ది. అసెంబుల్డ్ బోర్డుల్లో దీనికి తలకిందులు: సీఎంఓఎస్ (బయోస్ సెట్టింగులు ఉండే మెమరీ) క్లియర్ పిన్నులను కరెంటు లేనప్పుడే 10 సెకన్లు కలిపి వదిలెయ్యాలి. కలిపి ఉండగా ఆన్ చేస్తే బోర్డు పోయే ప్రమాదం ఉంది. మోడల్ నంబరుతో మాన్యువల్ చూడకుండా ఏ పిన్నునీ కదపొద్దు. కదిపే ముందు జంపర్ ఉన్న చోటును ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

తుడిచాక చాలామంది కంగారుపడి విండోస్ మళ్లీ వేయించేస్తారు. అక్కర్లేదు. సీఎంఓఎస్ క్లియర్ చేస్తే సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి, అంతే. ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని నీలం తెర వస్తే చాలావరకు బయోస్‌లో సాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) మారిందన్నమాట. ఏహెచ్‌సీఐలో ఉంటే రెయిడ్‌కు, రెయిడ్‌లో ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చి చూడండి. బూట్ డివైస్ లేదంటే ఇందాక రాసిపెట్టుకున్న యూఈఎఫ్ఐ-లెగసీ సంగతి చూడాలి. వెబ్‌సైట్లన్నీ ‘సురక్షితం కాదు’ అంటుంటే తేదీ సరిచెయ్యండి.

క్యాబినెట్ ఎలాగూ విప్పారు కాబట్టి సెల్ కూడా మార్చెయ్యండి, ముఖ్యంగా అక్టోబర్, నవంబర్ తుపాన్ల ముందు. 2014లో హుద్‌హుద్ తర్వాత ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. ప్లగ్‌లో కరెంటు లేనంతకాలం బయోస్ గడియారాన్ని నడిపేది ఆ సెల్లే. మల్టీమీటర్‌లో 2.7 వోల్టుల కన్నా తక్కువ చూపిస్తే అది అయిపోయినట్టే. సీఆర్2032 అడగండి. చార్జి అయ్యే ఎల్ఐఆర్2032 వద్దు, దాని వోల్టేజీ ఎక్కువ. ప్లస్ గుర్తు పైకి ఉండాలి. బీచ్‌రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి సెల్ హోల్డర్ రేకు చిలుము పడుతుంది, పొడి బ్రష్‌తో తుడవండి. పాత సెల్‌కు రెండువైపులా టేప్ అంటించి పిల్లలకు అందని చోట పెట్టండి. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. వాంతి చేయించకుండా వెంటనే కేజీహెచ్‌కి గానీ దగ్గర్లోని ఆసుపత్రికి గానీ తీసుకెళ్లండి.