లేని కారు చూపించి రేషన్ కార్డు తీసేస్తే ఏం చేయాలి?

మా జిరాక్స్ షాపు ఎమ్మార్వో ఆఫీసుకి ఎదురుగా ఉంటుంది. అర్జీలు కూడా నేనే రాసిపెడతాను. కార్డు పోయిందని వచ్చేవాళ్లని ఎందుకు పోయిందమ్మా అంటే, "పైనుంచే తీసేశారంట" అంటారు. పైన అంటే ఎవరో, ఏం చూసి తీశారో వాళ్లకి చెప్పినవాళ్లు లేరు. అందుకే కొత్త కార్డుకి పరుగెత్తకుండా ముందు కారణాన్ని కాగితం మీద రాబట్టండి. లేకపోతే మళ్లీ పెట్టిన దరఖాస్తు కూడా అక్కడే ఆగుతుంది.

తెలంగాణలో సమగ్ర వేదిక అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. బండ్ల రిజిస్ట్రేషన్, కరెంటు, ఆస్తిపన్ను లాంటి లెక్కలు ఒకచోట చేర్చి, పేర్లూ అడ్రసులూ పోల్చి ఈ ఇంటికి కారుందని తేలుస్తుంది. మన దగ్గర ఒకే పేరున్నవాళ్లు వాడకి నలుగురు. ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, కరెంటు బిల్లులో పొడి అక్షరమే ఉంటుంది. ఇంకెవరి కారో మన నెత్తిన పడుతుంది. ముందు నోటీసు ఇవ్వకుండా కార్డులు తీసేశారన్న కేసులో, దాదాపు 19 లక్షల రద్దు కార్డులపై ఊళ్లలోకి వెళ్లి విచారించమని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పింది. అర్జీలో ఈ ముక్క తప్పకుండా రాయండి.

ముందుగా మీసేవలో కార్డు స్టేటస్ ప్రింటు తీసుకోండి. తర్వాత ఎమ్మార్వో ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు. తెల్లకార్డు ఉన్నవాళ్లకి ఫీజు లేదు. కార్డు పోగొట్టుకున్నవాళ్లు మాత్రం కట్టాలి, అదో విచిత్రం!

"నా కార్డు ఎందుకు తీసేశారు" అని రాస్తే దాటవేస్తారు. కాగితాలు అడగండి. నేను ఇలా రాస్తాను:

"నా కార్డు రద్దు ఉత్తర్వు నకలు, అంతకుముందు నాకు ఇచ్చిన నోటీసు నకలు, ఇంటికి వచ్చి చేసిన విచారణ నివేదిక నకలు, మా కుటుంబం పేరిట చూపిన వాహనం నంబరు ఇప్పించగలరు."

30 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే పై అధికారికి అప్పీలు చేయండి.

వాహనం నంబరు చేతికొస్తే సగం పని అయినట్టే. దాన్ని పట్టుకుని ఆర్టీఏ ఆఫీసులో ఓనరు వివరాలు అడగండి. బీడీలు చుట్టే ఒకావిడ విషయంలో ఆ కారు ఓనరుకీ ఆమె భర్తకీ కలిసింది పేరొక్కటే. తండ్రి పేరు వేరు, ఊరు వేరు. ఆ కాగితం, భర్త ఆధార్ నకలు పక్కపక్కన పెట్టి పిన్ను కొట్టాం. అర్జీ నాలుగే వాక్యాలు.

ఎమ్మార్వోకి ఒకటి, జిల్లా పౌరసరఫరాల అధికారికి ఒకటి ఇవ్వండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి. 2013 ఆహార భద్రత చట్టం కింద జిల్లా ఫిర్యాదుల అధికారి, ఆపైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉన్నాయి. మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఒక్కటే కాదు, గృహజ్యోతి 200 యూనిట్లు, 500 రూపాయల గ్యాస్ కూడా ఆ కార్డుతోనే ముడిపడ్డాయి కాబట్టి ఆలస్యం చేయొద్దు.

కార్డుండీ వేలిముద్ర పడకపోతే అది వేరే గొడవ. డీలర్‌ని ఐరిస్‌గానీ ఓటీపీగానీ అడగండి.

అర్జీ ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. "అక్కడ పెట్టి వెళ్లు, చూస్తాం" అంటే కదలొద్దు. స్టాంపు వేయడానికి ఒప్పుకోకపోతే అదే అర్జీని స్పీడ్ పోస్టులో పంపి, రసీదు కాపీకి అంటించుకోండి.