మే ఎండల్లో హైడ్రోపోనిక్ వేర్లు కుళ్లితే

నెల్లూరు, ఒంగోలు వైపు మిద్దె మీద నీళ్లలో లెట్యూస్, పాలకూర పెంచేవాళ్లకు మే నెలలో తగిలే దెబ్బ వేరుకుళ్లు. తొట్టి నిండా నీళ్లున్నా మధ్యాహ్నానికి ఆకులు వేలాడతాయి. ఒక వేరును రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగండి. పైతొక్క జారి చేతికొచ్చి లోపల దారంలాంటి నార మిగిలితే అది పిథియం, అంటే వేర్లను కుళ్లబెట్టే బూజులాంటి సూక్ష్మజీవి. ఎరువు రంగు పట్టిన వేరైతే గట్టిగానే ఉంటుంది, కంపు కొట్టదు, దానికి కంగారొద్దు.

మూలం వేడి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల్లో ఏడున్నరే. వేరుకేమో వేడిలోనే ఊపిరి ఎక్కువ కావాలి. అందుకే నీళ్లు 18–22 దగ్గర ఉంచాలి, 25 దాటనివ్వొద్దు. తొట్టిని నీడలోకి జరిపి, వెలుతురు దూరకుండా కప్పి, బయట తెల్ల సున్నం కొట్టండి. గడ్డకట్టిన నీళ్ల సీసాలు ఉదయం పది గంటలకొకటి, మధ్యాహ్నం రెండు గంటలకొకటి వేయండి. ఎయిర్ పంపు రాత్రి కూడా ఆపొద్దు. కరెంటు పోతే? ఇన్వర్టర్‌కు కలపడమే.

రోగం పట్టాక: నీళ్లన్నీ పారబోసి, మెత్తబడ్డ వేర్లు కత్తిరించండి. ఒక వంతు బ్లీచింగ్ ద్రవానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తొట్టి, పైపులు అరగంట నానబెట్టి బాగా కడగండి. కొత్త ఎరువు ద్రావణం సగం మోతాదులోనే, పీహెచ్ (పులుపు కొలత) 5.5–6.2. అందులో మందుల షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్ 3 శాతానిదైతే లీటరుకు 3 మి.లీ., 6 శాతానిదైతే ఒకటిన్నర. లేబుల్ చూడకుండా పోస్తే మంచి వేర్లూ మాడతాయి. రోగాన్ని అణిచే మేలు బూజు ట్రైకోడెర్మా వేయాలంటే నాలుగు రోజులు ఆగండి. పెరాక్సైడ్ దాన్నీ చంపేస్తుంది. సగానికి పైగా వేర్లు పోయిన మొక్కను మాత్రం పీకేయండి.