లాకెట్‌లో భర్త బొమ్మ, భార్య బొమ్మ: నీటిరంగులతో వేసే పద్ధతి

ముందు లాకెట్ తెచ్చుకోండి, బొమ్మ సంగతి తర్వాత. లోపలి కొలత పల్చటి కాగితం మీద గీసి, కత్తిరించి, పెట్టి చూడండి. అర మిల్లీమీటరు ఎక్కువైనా మూత పడదు. మొదటిసారికి 30×40 మిల్లీమీటర్ల కోడిగుడ్డు ఆకారం నయం. తల 20 మిల్లీమీటర్లు దాటకూడదు.

కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) హాట్ ప్రెస్, అంటే నున్నటి రకం, ఉండాలి. గరుకు కాగితం మీద కనురెప్ప గీత తెగిపోతుంది. పెద్ద ముక్క మీదే బొమ్మ పూర్తి చేసి, ఆఖర్న కత్తిరించండి.

చాలామంది బాగా సన్నటి 000 నంబరు బ్రష్ కొంటారు, అక్కడే ఇబ్బంది. అది పట్టే రంగు కాగితాన్ని చేరేలోపే ఆరిపోతుంది. మొన సూదిలా నిలిచే 1 నంబరు బ్రష్ మేలు. ముఖానికి మట్టిపసుపు రంగైన ఎల్లో ఓకర్‌లో కాస్త ఇటుక ఎరుపు రంగైన లైట్ రెడ్ కలిపి పల్చటి పూత వేసి, పూర్తిగా ఆరనివ్వండి. ఆపైన అంతా చుక్కలే. ప్రతిసారీ బ్రష్‌ని గుడ్డకు అద్దండి. తడి ఎక్కువైతే కింది పూత లేచి, చెంప మీద మరక పడుతుంది. కంటిలో మెరుపుకు తెల్లరంగు వద్దు, కాగితాన్నే వదిలేయండి. పెదవులకు అలిజరిన్ క్రిమ్సన్ వాడితే వెలిసిపోతుంది, క్వినాక్రిడోన్ రోజ్ నిలుస్తుంది.

ముఖమంతా కుదరకపోతే ఒక్క కన్నే వేయండి. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరిదో తెలియదు! 1785లో ఇంగ్లండ్ యువరాజు జార్జ్, మరియా ఫిట్జ్‌హెర్బర్ట్‌కు తన కంటి బొమ్మే పంపి, ఆ డిసెంబరులో రహస్యంగా పెళ్లాడాడు.

రెండు రోజులు ఆరాకే అద్దం బిగించండి. రంగుకు అద్దం తగలకుండా అంచున సన్నటి అట్ట పెట్టండి, లేదంటే చెమ్మ పట్టి బూజు వస్తుంది. స్నానానికి ముందు లాకెట్ తీసేయాలి.