తలలో రక్తస్రావం, ఈసీజీలో గుండెపోటు: ఏది ముందు?

సమస్య: ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, వాంతి, స్పృహ తప్పడం. 108లో ఆసుపత్రికి తెచ్చి ఈసీజీ తీస్తే గుండెపోటులా కనిపిస్తుంది. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కూడా పెరిగి ఉంటుంది.

నేను తిరుపతిలో న్యూరో ఐసీయూ నర్సును. పుత్తూరు నుంచి వచ్చిన ఒక కోడలు ఈసీజీ కాగితాన్ని కొంగులో చుట్టి పట్టుకుని అడిగింది: "సిస్టర్, మా అత్తకు నెత్తురు కారింది తలలో గదా, గుండె డాక్టరు ఎందుకొచ్చినారు?" అడగాల్సిన ప్రశ్నే అది.

కారణం: మెదడు రక్తనాళం మీద ఉబ్బిన బుడగ పగిలితే తలలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ దెబ్బకు అడ్రినలిన్ వంటి హార్మోన్లు ఉప్పెనలా విడుదలవుతాయి. గుండె నాళాల్లో బ్లాక్ లేకపోయినా, ఆ తాకిడికి కండరం సొమ్మసిల్లుతుంది. ఎకోలో (గుండె స్కాన్) పంపింగ్ తగ్గినట్టు తెలుస్తుంది. చాలామందిలో కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో కోలుకుంటుంది.

పరిష్కారం: ఇంటివాళ్లు చెప్పాల్సిన మొదటి మాట, "ముందు తలనొప్పి వచ్చింది, తర్వాతే పడిపోయింది" అని. దయచేసి ఈ వరుస మరిచిపోకండి. సీటీ స్కాన్ తీయకుండా గుండెపోటనుకుని ఆస్పిరిన్, హెపారిన్, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే రక్తస్రావం ఎక్కువై ప్రాణం మీదికి వస్తుంది. పాత స్టెంట్ ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా అదీ చెప్పండి.

గుండె లయ తప్పితే: ఈసీజీలో క్యూటీ (ప్రతిసారీ కొట్టుకునేటప్పుడు గుండె విద్యుత్తు మళ్లీ సర్దుకోవడానికి పట్టే సమయం) సాగిందేమో చూస్తారు. పొటాషియం, మెగ్నీషియం తగ్గితే ఎక్కిస్తారు. వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా క్యూటీని పెంచగలదు, అందుకే మందులన్నీ మళ్లీ సరిచూస్తాం.

ఆయాసం, నురగ: ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆక్సిజన్, అవసరమైతే వెంటిలేటర్. నీరు తీసే ఇంజెక్షన్ మాత్రం ఆచితూచి ఇస్తారు, ఒళ్లు ఎండిపోతే మెదడుకు రక్తం తగ్గుతుంది.

బీపీ పడిపోతే: నాకు అన్నిటికన్నా టెన్షన్ ఇక్కడే. నాలుగో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా మెదడు నాళాలు బిగుసుకునే ప్రమాదం ఎక్కువ. అప్పుడు బీపీ బాగుండాలి, గుండేమో నీరసంగా ఉంటుంది. ఆ బిగుసుకోవడం వల్ల మెదడుకు జరిగే నష్టాన్ని తగ్గించే నిమోడిపిన్ మందు సాధారణంగా 4 గంటలకోసారి 60 మిల్లీగ్రాములు, 21 రోజులు ఇస్తారు. అదీ బీపీని దించుతుంది. అలాంటప్పుడు 2 గంటలకోసారి 30గా విడగొట్టి ఇస్తాం. న్యూరోసర్జన్, గుండె డాక్టరు కలిసి నిర్ణయించుకోవాల్సిన రోజులివి. ఆ కోడలికి నేను చెప్పిన జవాబూ ఇదే.

డిశ్చార్జ్ అయ్యాక మొదటి ఎకో, చివరి ఎకో రెండూ ఫైల్లో ఉంచుకోండి. ఈసీజీలో తేడా వారాల తరబడి ఉండిపోవచ్చు. ఊళ్లో కొత్త డాక్టరు దాన్ని చూసి ఆస్పిరిన్ రాయబోతే, ముందు ఆ ఫైలు చూపించండి.