పుదీనా, కరివేపాకు ఎండబెట్టే ముందు ఇవి చూస్కోండి

వానలు పడకముందే పని కానిచ్చేద్దాం అనుకునే మన వైజాగ్ వాళ్లకి.

- ఆకు గలగలలాడేదాకా డబ్బాలో పెట్టొద్దు. కాడ విరిస్తే టప్పుమనాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే. పోయినేడు నేను తొందరపడి సీసాలో పోసేస్తే వారానికే తెల్లగా బూజు, మొత్తం చెత్తబుట్టకే.

- డాబా మీద మిట్టమధ్యాహ్నం ఎండ వద్దు. వాసనంతా ఆకులోని నూనెదే కదా, అది ఆవిరైపోతే మిగిలేది గడ్డి, రంగు కూడా పోద్ది. నీడలో, ఫ్యాన్ కింద, పల్చటి గుడ్డ మీద ఒక్క వరసగా పరవండి.

- ఆకులు, కూరగాయలు ఎండబెట్టే డ్రయ్యరుంటే 40 డిగ్రీల దగ్గరే పెట్టండి, కారణం అదే.

- రాత్రి అలాగే వదిలేయకండి, సముద్రపు గాలికి ఎండిన ఆకు కూడా మళ్లీ మెత్తబడిపోద్ది.

- కొత్తిమీర జోలికెళ్లకండి, ఎలా ఎండబెట్టినా వాసన నిలవదు, ఫ్రీజరే నయం.