కాణుం పొంగల్ వస్తోంది, గుర్రాల నోళ్లు జాగ్రత్త

పొంగల్ పండగ చివరి రోజైన కాణుం పొంగల్‌కి జనం చెన్నై మెరీనా బీచ్‌కి పోటెత్తుతారు, ఇసుకంతా మొక్కజొన్న కండెలు, పుల్లలే. గుర్రాలున్నవాళ్లు ఇవి గుర్తుంచుకోండి.

చొంగ కారుతుంటే ఉత్త చెయ్యి నోట్లో పెట్టొద్దు. రేబిస్ కూడా కావచ్చు. లక్షణాలు మొదలైతే మనిషి దక్కడం దాదాపు అసాధ్యం.

ముక్కులోంచి మేత, చొంగ వస్తే అన్నవాహికలో ఏదో అడ్డం పడి ఉండొచ్చు. మేత, నీళ్లు వెంటనే తీసేయండి. నీళ్లు తాగిస్తే దిగిపోతుందనుకుంటాం, కానీ అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల కిందికే ఉంచి డాక్టర్‌ని పిలవండి.

సగం నమిలిన గడ్డి ఉండలుగా రాలుస్తోందా? నోరు కంపు కొడుతోందా? పై పళ్ల మధ్య, అంగిలికి అడ్డంగా పుల్ల ఇరుక్కుని ఉండొచ్చు.

గొంతులో గుచ్చుకున్న తీగని లాగకండి, లోపల చీరుకుపోతుంది. పాపం, గుర్రానికి వాంతి చేసుకోవడం కూడా చేతకాదు.

వేపేరి పశువైద్య కళాశాలకు తీసుకెళ్లే బండి ముందే మాట్లాడిపెట్టుకోండి.