రకరకాల నిపుణులున్న టీమ్‌లో కొత్త ఐడియా పుట్టట్లేదా? ముందు ఇవి చూడండి

లక్షణం: అందరూ ఒకేసారి ఉత్సాహంగా మొదలుపెడతారు, గంట తర్వాత బోర్డు మీద నాలుగే ఐడియాలు.

కారణం: మాట్లాడే ముందు ఎవరూ రాసుకోలేదు. ముందు రాసుకోమని చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది, అయినా దాటేస్తారు. 1958లోనే టేలర్, బెరీ, బ్లాక్ అనే పరిశోధకులు ప్రయోగం చేసి చూపించారు: నలుగురు కలిసి కూర్చుని చెప్పినవాటికంటే, నలుగురు విడివిడిగా రాసినవి కలిపితే ఎక్కువ వచ్చాయి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు ఆగాలి, ఆగేలోపు అనుకున్నది మర్చిపోతారు.

పరిష్కారం: పది నిమిషాలు, నోరు మెదపకుండా, కాగితం మీద.

లక్షణం: అందరూ మాట్లాడతారు, కానీ అందరికీ తెలిసిందే తిరుగుతుంది.

కారణం: గుంపులో ఉమ్మడిగా తెలిసిన విషయమే ఎక్కువ నలుగుతుంది, ఒక్కరికే తెలిసింది బయటికి రాదు. 1985లో స్టాసర్, టైటస్ అనే పరిశోధకులు తేల్చిన సంగతే ఇది.

పరిష్కారం: రాసే కాగితంలోనే 'ఇక్కడ నాకు మాత్రమే తెలిసింది' అని ఒక గడి పెట్టండి.

లక్షణం: గొడవల్లేవు, అందరూ తలూపుతారు, కానీ ఒక్క మనిషి మాత్రం ప్రతిదానికీ అడ్డు చెబుతుంటాడు.

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. ఒక వైద్య పరికరం పని. 'ప్రోటోటైప్ (తొలి నమూనా) వచ్చే నెలకి' అనుకున్నాం. డాక్టరుగారు ఏది చెప్పినా 'ప్రమాదం' అనేవారు. ఆయన్ని పిలవకుండా మీటింగ్ పెట్టుకుందామనే దాకా వెళ్లాం, సిగ్గుచేటు. ఒకరోజు డిజైనర్ అట్టముక్కలతో అంటించిన బొమ్మ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, 'మీరు ప్రోటోటైప్ అంటున్నది దీన్నా? రోగికి పెట్టేది అనుకున్నాను' అన్నారు. వెంటనే, 'ఈ బటన్ ఇటు తిప్పండి, గ్లవ్స్ వేసుకుంటే అందదు' అన్నారు. రెండు నెలల్లో మాకొచ్చిన మొదటి పనికొచ్చే ఐడియా అదే. ఇంజనీరుకి మళ్లీ ఆ మాటకి మూడో అర్థం: కరెంటు పెడితే పనిచేసే బోర్డు.

కారణం: ఒకే మాటకి ఒక్కొక్కరి మనసులో ఒక్కో అర్థం. తెలియని మాటైతే ఎవరో ఒకరు అడుగుతారు. తెలిసిన మాటని ఎవరూ అడగరు, అందుకే ఇది దొరకదు. మోడల్, ఎర్రర్, రిస్క్, రెడీ, టెస్ట్ అన్నీ ఇదే బాపతు.

పరిష్కారం: టీమ్ ఎక్కువగా వాడే పది మాటలు తీసుకోండి. ఒక్కో మాటకి ఎవరికి వాళ్లు ఒక ఉదాహరణ రాయాలి. నిర్వచనం వద్దు, అందులో అందరూ ఒకేలా రాస్తారు. తర్వాత పైకి చదవండి. తేడా వచ్చినచోట ఒకే అర్థానికి లాగకండి, రెండు పేర్లు పెట్టండి. మేము 'అట్ట', 'బోర్డు', 'రోగి' అని పిలుచుకున్నాం. వీలైతే మాట బదులు వస్తువే బల్ల మీద పెట్టండి. అంకెలైతే యూనిట్ లేకుండా రాయొద్దు. 1999లో నాసా అంగారకుడికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌక పోయింది ఇలాగే: ఒకవైపు పౌండ్ల లెక్క, రెండోవైపు న్యూటన్ల లెక్క.

ఈగో గొడవలు, టీమ్ సైజు, గది సరిగ్గా లేకపోవడం: నేను చూసినంతలో అరుదు. పైవన్నీ అయ్యాకే అటు చూడండి. బాసే అందరికంటే మొదట మాట్లాడుతుంటే మాత్రం ఆయన్ని చివర్లో మాట్లాడమనండి.